పెనం కోసం దారి మళ్లిన వీరుడు



ఒక ముసలమ్మ తాళం వేసిన గుడిసె ముందు నిలబడి తలుపు దబదబా బాదుతోంది. లోపల్నుంచి పలుకు లేదు. అటుగా ఒక మనిషి వస్తాడు. తెల్లటి జుట్టు, పిల్లి కళ్లు, వీపున రెండు కత్తులు. పేరు గెరాల్ట్. రాక్షసుల్ని వేటాడడం ఆయన వృత్తి. ఆయనకి అవతల కొండంత పని ఉంది. ఎప్పుడో దూరమైన మనిషిని వెతుక్కుంటూ దేశాలు దాటి వస్తున్నాడు. చుట్టూ యుద్ధం నడుస్తోంది. ఊళ్లో శత్రుసైన్యం దిగి ఉంది. ఇలాంటి మనిషిని ఆపి ఆ ముసలమ్మ ఏమడిగిందో తెలుసా? తన పెనం తెచ్చిపెట్టమంది.

అవునండీ, పెనమే. వంటింటి పెనం. అది ఆ గుడిసెలో ఉండిపోయింది. లోపల దిగినవాడు తాళం పెట్టి వెళ్లిపోయాడు.

ఇది సినిమా కాదు, నవల కాదు. వీడియో గేమ్. పేరు ది విచర్ 3. పోలండ్ రాజధాని వార్సాలో ఉన్న సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే సంస్థ తయారుచేసింది. 2015 మే 19న విడుదలైంది. ఆంద్రెయ్ సాప్కోవ్‌స్కీ అనే పోలిష్ రచయిత సృష్టించిన పాత్రల మీద అల్లిన ఆట. ఇలాంటి ఆటల్ని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. అంటే ఆడేవాడు ఒక పాత్రలోకి దూరిపోతాడు. పాత్ర నడిస్తే తను నడిచినట్టు. పాత్ర మాట ఇస్తే తను ఇచ్చినట్టు.

ఈ ఆటల్లో పని రెండు రకాలు. ఒకటి మెయిన్ క్వెస్ట్. అది అసలు కథ. అది చెయ్యకపోతే ఆట ముందుకి కదలదు. రెండోది సైడ్ క్వెస్ట్. దారిలో ఎవరో అడుగుతారు, చేస్తే చేసినట్టు, లేకపోతే లేదు. చెయ్యకపోయినా కథ ఆగదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. సైడ్ క్వెస్ట్ అంటే, చెయ్యకపోయినా కథ ఆగని పని.

మరి ఆగని కథని ఆపుకుని, ఆ పెనం కోసం తలుపు బద్దలుకొట్టేవాళ్లు ఇంతమంది ఎందుకున్నారు?

గెరాల్ట్ చెయ్యి చాస్తాడు. మంత్రబలంతో తలుపు ఊడిపోతుంది. లోపల చీకటి. ఆడేవాడు ఒక మీట నొక్కితే, మామూలు కంటికి ఆనని ఆనవాళ్లు ఎర్రగా మెరుస్తాయి. ముందు కనిపించేది పెనం కాదు, శవం. ఆ పక్కన కాలిపోయిన కాగితాలు. ఇంకోచోట ఒంటి కంటికి పెట్టుకునే అద్దం. ఆ తర్వాత దొరుకుతుంది పెనం. పల్లెటూరి పొయ్యి మీద ఏళ్ల తరబడి కాలిన పెనం ఎలా ఉంటుంది? అడుగంతా మసి. ఇది మాత్రం తళతళలాడుతోంది. ఎవరో మసి అంతా గీకేశారు. ఎందుకు గీకారు? సిరా కోసం. మసితో సిరా చేసుకుని ఎవరో రహస్యంగా ఉత్తరం రాశారు. రాసి, మిగతా కాగితాలు తగలబెట్టి మాయమైపోయారు.

చూశారా? పెనం వెతుక్కుంటూ వెళ్తే గూఢచారి జాడ దొరికింది. ఆట ఈ సంగతి పెద్దగా చాటింపు వెయ్యదు. ఆడేవాడు తనంతట తాను ఊహించుకోవాలి. కథలో చాలా దూరం వెళ్లాక, ఒంటి కంటి అద్దం పెట్టుకున్న గూఢచారి ఒకడు నిజంగానే తారసపడతాడు. పెనం సంగతి గుర్తున్నవాడు అక్కడ ఉలిక్కిపడతాడు. పెనం జోలికి పోనివాడికి వాడు కొత్త మనిషే.

ముసలమ్మ మాత్రం పెనం తళతళలాడుతోందని సంబరపడుతుంది. లోపల శవం ఉంటే ఏం, గూఢచారి ఉంటే ఏం? ఆమెకి కావలసింది ఆమెకి దొరికింది. గెరాల్ట్‌కి పెద్ద బహుమతేమీ దక్కదు. కొత్త కత్తి లేదు, రాజ్యం లేదు. అయినా ఆ ఆట ఆడినవాళ్లు ఏళ్లు గడిచాక కూడా ఆ పెనం గురించి మాట్లాడుకుంటారు.

అన్ని సైడ్ క్వెస్టులూ ఇలా ఉండవు. చాలావాటిలో ఊరి మొదట్లో ఒకడు నిలబడి ఉంటాడు. నెత్తి మీద పసుప్పచ్చ ఆశ్చర్యార్థకం గుర్తు వెలుగుతుంటుంది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ గుర్తుని లోకమంతా ఎరిగేలా చేసింది. దగ్గరికి వెళ్తే వాడు ఫలానా జంతువు తోళ్లు ఇన్ని తెమ్మంటాడు. తెస్తే నాలుగు నాణాలిస్తాడు. అంతటితో సరి. వాడెవడో, ఆ తోళ్లు వాడికెందుకో ఆటకే తెలీదు. ఆడేవాడికీ అక్కర్లేదు. వీటిని ఆడేవాళ్లు ఫెచ్ క్వెస్టులంటారు. పోయి పట్టుకురా అనే పనులన్నమాట.

ఇక్కడో చిత్రం గమనించండి. పెనం క్వెస్టూ పోయి పట్టుకురమ్మనేదే. తోళ్ల క్వెస్టూ అంతే. చేసే పని ఒకటే. తేడా ఎక్కడుంది? తోళ్ల క్వెస్టులో తెచ్చిచ్చాక లోకం ముందెలా ఉందో అలాగే ఉంటుంది. పెనం క్వెస్టులో లోకం గురించి ఆడేవాడికి ఇదివరకు తెలియనిది ఒకటి తెలుస్తుంది. యుద్ధమంటే రాజులూ జెండాలే కాదు, ఒక ముసలమ్మ వంటింట్లోకి కూడా యుద్ధం దూరిందని తెలుస్తుంది.

మరి ఇలాంటి కథలు మనకి కొత్తా? కానే కాదు.

అరణ్యపర్వం గుర్తుచేసుకోండి. పాండవులు అడవుల్లో ఉన్నారు. వాళ్ల మెయిన్ క్వెస్ట్ ఏమిటి? పన్నెండేళ్ల వనవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం, ఆ తర్వాత రాజ్యం. ఇంతలో గాలికి ఒక పువ్వు ఎగిరొచ్చి ద్రౌపది ముందు పడుతుంది. సౌగంధికం. ఇలాంటివి ఇంకా కావాలంటుంది ద్రౌపది. వెంటనే భీముడు గద పట్టుకుని బయలుదేరతాడు. రాజ్యానికీ ఆ పువ్వుకీ ఏమైనా సంబంధముందా? లేదు. తేకపోతే కథ ఆగుతుందా? ఆగదు. అచ్చంగా సైడ్ క్వెస్ట్.

దారిలో ఒక ముసలి కోతి అడ్డంగా పడుకుని ఉంటుంది. తోక పక్కకి జరుపుకుని పొమ్మంటుంది. భీముడు ఎడం చేత్తో జరపబోతాడు. కదలదు. రెండు చేతులూ వేస్తాడు. అయినా కదలదు. అప్పుడు అర్థమవుతుంది, తన ఎదుట ఉన్నది అన్నగారని, ఆంజనేయస్వామి అని. భీముడు పువ్వులు తెస్తాడు, అది వేరే సంగతి. కానీ పువ్వుల దారిలో అనుకోకుండా దొరికిందేమిటి? అర్జునుడి జెండా మీద ఉంటానని హనుమంతుడు మాట ఇచ్చాడు. అడవిలో ఇచ్చిన ఆ మాట కురుక్షేత్రంలో కపిధ్వజమై ఎగిరింది.

ఇంకో ఉదాహరణ. అదే పర్వం చివర ఒక బ్రాహ్మణుడు పరుగెత్తుకుంటూ వస్తాడు. నిప్పు పుట్టించుకునే ఆయన అరణి ఒక జింక కొమ్ములకి చిక్కుకుంది. జింక దానితో సహా పారిపోయింది. తెచ్చిపెట్టండి మహాప్రభో అంటాడు. ఎంత చిన్న పనో చూడండి. రెండు కొయ్యముక్కలు. వాటి కోసం అన్నదమ్ములు అయిదుగురూ పరుగెడతారు. జింక దొరకదు. దాహం వేస్తుంది. చెరువు దగ్గరికి ఒక్కొక్కరే వెళ్లి, యక్షుడి మాట వినకుండా నీళ్లు ముట్టి, నలుగురు నేలకొరుగుతారు. చివరికి ధర్మరాజు యక్షప్రశ్నలకి జవాబులు చెప్పి తమ్ముళ్లని బతికించుకుంటాడు. అరణి కూడా బ్రాహ్మణుడికి చేరుతుంది. వాటితోపాటు ఇంకో వరం దొరుకుతుంది. అజ్ఞాతవాసం ఏడాదిలో ఎవరూ మిమ్మల్ని గుర్తుపట్టరు అన్న వరం.

అంటే కొయ్యముక్కల కోసం చేసిన పరుగే అసలు కథకి దారి వేసింది. ఈ సంగతి మళ్లీ చెబుతాను. మంచి సైడ్ క్వెస్టులో అడిగేది చిన్నది, దొరికేది వేరేది. పెనం అడిగితే గూఢచారి దొరికాడు. పువ్వు అడిగితే హనుమంతుడు దొరికాడు. అరణి అడిగితే అజ్ఞాతవాసానికి అభయం దొరికింది.

తెలుగులో మధిర సుబ్బన్న దీక్షితులు గారు దీన్ని ఏకంగా ఒక పద్ధతిగా మార్చేశారు. కాశీమజిలీ కథలు. పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్తుంటాడు. తోడుగా ఒక గోపకుమారుడు. ఇంకెవరూ రానంటే ఆ కుర్రాడు ఎలా వచ్చాడు? ప్రతి మజిలీలోనూ తను చూసిన వింత గురించి అడుగుతాడు, దాని కథ చెప్పాలి. అదీ షరతు. మెయిన్ క్వెస్ట్ కాశీ. కానీ ఆ పుస్తకం చదివినవాళ్లు కాశీకి చేరారా లేదా అని కంగారుపడరు. ఇవాళ్టి మజిలీలో కుర్రాడు ఏం చూశాడు, ఏం అడిగాడు, అదే వాళ్లకి కావాలి. ఇప్పటి ఆటగాళ్లూ అంతే. అసలు శత్రువు కోటలో కాచుక్కూర్చుంటే, వీళ్లు ఊళ్లమ్మట తిరుగుతూ తప్పిపోయిన మేకల్ని వెతుకుతుంటారు.

ఇక సైడ్ క్వెస్టుని పూర్తిచెయ్యడం సంగతి. మొదలుపెట్టడం తేలిక. పూర్తిచెయ్యడంలోనే ఉంది అసలు పరీక్ష.

జపాన్‌లో నింటెండో సంస్థ 2000లో ఒక ఆట విడుదల చేసింది. జెల్డా వరసలోది, మజోరాస్ మాస్క్. అందులో ఆకాశం నుంచి చంద్రుడు ఊరి మీద పడబోతున్నాడు. గడువు మూడు రోజులు. మూడో రాత్రి ముగిసేలోగా వీరుడు కాలాన్ని వెనక్కి తిప్పుకోవాలి. తిప్పితే మళ్లీ మొదటి రోజు పొద్దున్నకి వస్తాడు. ఆ ఊళ్లో సత్రం నడిపే ఒక అమ్మాయి ఉంది. పేరు అంజు. ఆమెకి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు కాఫే కనిపించకుండా పోయాడు. వాళ్లిద్దర్నీ కలపడం ఒక సైడ్ క్వెస్ట్.

దీన్ని పూర్తిచెయ్యాలంటే ఆ మూడు రోజులూ కాచుకుని కూర్చోవాలి. ఫలానా వేళకి సత్రంలో ఉండాలి. ఫలానా రాత్రి వంటగదిలో ఆమెని కలవాలి. ఉత్తరం టపాలో వెయ్యాలి. ఒక్క చోట వేళ తప్పితే మళ్లీ మొదటికే. అన్నీ కుదిరితే ఆఖరి రాత్రి, చంద్రుడు పడబోయే ముందు, కాఫే సత్రం మెట్లెక్కి పైకి వస్తాడు. ఇద్దరూ తమ ముసుగులు కలిపి ఒక్కటి చేసి వీరుడి చేతిలో పెడతారు. నువ్వు వెళ్లిపో, మేమిక్కడే ఉంటాం అంటారు.

తర్వాత ఏం చెయ్యాలి? వీరుడు బతకాలంటే కాలాన్ని వెనక్కి తిప్పాలి. తిప్పగానే అంజు మళ్లీ సత్రంలో ఒంటరిగా ఉంటుంది. కాఫే మళ్లీ కనిపించడు. వాళ్ల కలయిక వాళ్లకే గుర్తుండదు. మిగిలేది వీరుడి దగ్గరున్న ముసుగు ఒక్కటే. క్వెస్ట్ పూర్తయిందని ఆట పుస్తకంలో ముద్ర పడుతుంది. ఆడేవాడికి మాత్రం పూర్తయినట్టు అనిపించదు. ఆ ఆట రాసినవాళ్ల గొప్పదనం అక్కడుంది.

ఎల్డెన్ రింగ్ అని ఇంకో ఆట. 2022లో వచ్చింది. అదీ జపాన్‌దే. అందులో చెయ్యవలసిన పనుల జాబితా అంటూ ఆట ఇవ్వదు. ఎవడో దారిలో ఒక మాట అంటాడు. ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పీ చెప్పనట్టు చెబుతాడు. గుర్తుపెట్టుకోవలసింది ఆడేవాడే. ఆలస్యం చేస్తే ఆ మనిషి వెళ్లిపోయి ఉంటాడు, లేదా చచ్చిపోయి ఉంటాడు. అందుకని చాలామంది పక్కన నోటు పుస్తకం, పెన్ను పెట్టుకుని ఆడతారు. ఎవరిని ఎక్కడ చూశారో రాసుకుంటారు.

ఆటల లోకం నుంచి ఇప్పుడు మన నర్సీపట్నానికి వద్దాం. ఇక్కడా సైడ్ క్వెస్టులున్నాయి.

శీతాకాలం వచ్చిందంటే నర్సీపట్నం మీదుగా ఎన్ని కార్లు వెళ్తాయో మీకు తెలుసు. తెల్లారకముందే లంబసింగి చేరాలి. మంచు చూడాలి, మంట వేసుకోవాలి, ఫోటోలు దిగాలి. అది మెయిన్ క్వెస్ట్. ఆ కార్లలో ఎన్ని గొలుగొండ వైపు తిరిగి కృష్ణదేవిపేట వెళ్తాయి? అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడ ఉంది. వెళ్లకపోయినా ప్రయాణం ఆగదు. మంచు ఎక్కడికీ పోదు.

సీతారామరాజు కథలో పెద్ద ఘట్టాలు అందరికీ తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. తుపాకులు పట్టుకుపోవడమే కాదు, ఏమేం తీసుకున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ని కాల్చి చంపారు. ఈ కథని ఎవరైనా ఆటగా మలిస్తే మెయిన్ క్వెస్ట్ ఏదో వేరే చెప్పక్కర్లేదు. మూడు స్టేషన్లే.

మరి సైడ్ క్వెస్ట్ ఏది? దానికీ చరిత్రలోనే ముడిసరుకుంది. మీరు లంబసింగికి ఎక్కే దారి చూడండి. నర్సీపట్నం నుంచి మన్యంలోకి ఆ రోజుల్లో రోడ్డు వేయించినవాడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కొండవాళ్ల చేత పని చేయించుకున్నాడు. చాలీచాలని కూలి ఇచ్చాడు. ఎదురుచెప్పినవాళ్లని హింసించాడు. అడవి చట్టాలతో పోడు వ్యవసాయం అప్పటికే కుదేలైంది. పైన ఈ రోడ్డు పని. సీతారామరాజు వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర ఈ బాస్టియన్ వల్ల దెబ్బతిన్నవాళ్లే.

ఇప్పుడొక క్వెస్ట్ ఊహించండి. ఆట కల్పితం, బాస్టియన్ కల్పితం కాదు. ఘాట్ మలుపు దగ్గర ఒక ముసలాయన రాళ్లు కొడుతుంటాడు. దారినపోయే వీరుణ్ణి ఆపుతాడు. తుపాకీ అడగడు, స్వాతంత్ర్యం అడగడు. కంట్రాక్టరు గుడారంలో మస్తరు పుస్తకం ఉంది, అందులో నా పేరు పక్కన ఎన్ని రోజులు రాశారో చూసి చెప్పు బాబూ అంటాడు. ఆయనకి చదువు రాదు. చెయ్యవలసింది అంతే. ఒక పుస్తకం తెరిచి ఒక వరస చదవడం.

వీరుడు గుడారంలోకి దూరతాడు. పుస్తకం తెరుస్తాడు. ముసలాయన పేరుంది. ఆ పేరు పక్కన, ఆయన చేసిన పనిలో సగం రోజులు లేవు. కింద ఇంకా పేర్లున్నాయి. అందరివీ అలాగే ఉన్నాయి. పుటలు తిప్పుతుంటే, చచ్చిపోయినవాళ్ల పేరు మీద కూడా కూలి ఎవరో తీసుకున్నట్టు వేలిముద్రలున్నాయి. ఇప్పుడేం చెయ్యాలి? ముసలాయనకి ఉన్నదున్నట్టు చెప్పాలా? చెబితే ఆయన గొడ్డలి పట్టుకుని గుడారం మీదికి వెళ్తాడేమో. పుస్తకం ఎత్తుకుపోవాలా? పోతే రేపు ఆ నేరం కూలీల నెత్తిన పడుతుందేమో.

ఆడేవాడు ఏదో ఒకటి తేల్చుకుంటాడు. తర్వాత మెయిన్ క్వెస్టులో చింతపల్లి స్టేషన్ దగ్గరికి చేరతాడు. తన వెనక వందలమంది కొండవాళ్లు నిలబడి ఉంటారు. మస్తరు పుస్తకం చదివినవాడికి వాళ్లెందుకు వచ్చారో వేరే చెప్పక్కర్లేదు. చదవనివాడికి అది వట్టి జనం గుంపు.

ఈ మాట వింటున్న తల్లిదండ్రులకి రెండు ముక్కలు. అన్ని ఆటలూ పిల్లల కోసం కావు. ది విచర్ 3 పద్ధెనిమిదేళ్లు దాటినవాళ్లకే అని యూరప్ రేటింగు వేసింది. నెత్తురు, బూతు, శృంగారం అన్నీ ఉన్నాయి. కొనేముందు డబ్బా మీద అంకె చూడండి. రెండోది, కథల ఆటలు వేరు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పందేలు వేరు. పందేల ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మీ అబ్బాయి ఫోనులో ఏం ఆడుతున్నాడో తెలుసుకోవాలంటే తిట్టకుండా ఒక్క ప్రశ్న వెయ్యండి. ఇప్పుడు నువ్వు ఎవరి పని మీద వెళ్తున్నావురా అని. కథ ఆట అయితే వాడు ముసలమ్మ సంగతో, మేకల సంగతో చెప్పడం మొదలుపెడతాడు.

ఇక ఆడడమే కాదు, రాయాలని ఉన్న కుర్రకారుకి. ట్వైన్ అని ఒక పనిముట్టుంది. క్రిస్ క్లిమస్ అనే ఆయన 2009లో చేసిపెట్టాడు. ఉచితం. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. తెలుగులో టైపు చేసుకోవచ్చు. బొమ్మలు గీయక్కర్లేదు, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. తెర మీద ఒక పెట్టె తెరిచి, ఎవరు అడిగారో, ఏమడిగారో రాయండి. రెండో పెట్టెలో వెతకడానికి వెళ్లిన చోటు రాయండి. మూడో పెట్టెలో అడగనిది ఏం దొరికిందో రాయండి. మస్తరు పుస్తకం ఎవరి చేతికి ఇవ్వాలన్న చోట రెండు లింకులు పెట్టండి. రెండు దారులకీ చివరిదాకా కథ రాయండి. మీకు నచ్చిన దారి ఒక్కటే రాసి రెండోది సగంలో వదిలేస్తే ఆడేవాడు ఇట్టే పట్టేస్తాడు. పూర్తయ్యాక ముందు మీ ఇంట్లో, ఆటలంటే గిట్టని పెద్దవాళ్ల చేతే ఆడించండి. వాళ్లు ఎక్కడ ఆగి ఆలోచించారో పక్కన కూర్చుని చూడండి.